సాక్షి స్థానంలో ప్రేక్షకుడు

బళ్లారిలో తెలుగు నాటకాన్ని నిలబెట్టిన ముగ్గురూ వకీళ్లే. ధర్మవరం రామకృష్ణమాచార్యులు, కోలాచలం శ్రీనివాసరావు, బళ్లారి రాఘవ. పగలు కోర్టు, రాత్రి రిహార్సల్సు. సాహిత్య చరిత్రలు ఈ సంగతిని ఒక్క వాక్యంలో చెప్పి ముందుకు సాగిపోతాయి. కాసేపు ఆగి ఆలోచించవలసిన సంగతి ఇది. కోర్టులో నిజం తెలిసినవాడు ఒకడు, తీర్పు చెప్పేవాడు ఇంకొకడు. ఎవరికి ఏం తెలుసు, ఎప్పుడు తెలిసింది, తెలిసీ ఎవరు నోరు విప్పలేదు అన్నదాని మీదే వ్యాజ్యమంతా నడుస్తుంది. నాటకమూ అక్కడి నుంచే బలం తెచ్చుకుంటుంది. ఆ కిటుకు బళ్లారి నాటకకర్తలకు వృత్తిలోనే పట్టుబడింది.

ధార్వాడ నాటక సమాజాలు బళ్లారికి వచ్చి ఆడుతుంటే చూసి, తెలుగువాళ్లకూ సొంత సమాజం ఒకటి ఉండాలని ధర్మవరంవారు 1886లో సరసవినోదినీ సభ పెట్టారు. మరుసటి ఏడు ‘చిత్రనళీయం’ రంగమెక్కింది. 1912లో కన్నుమూసేనాటికి ఆయన రాసినవి ముప్ఫై నాటకాల దాకా ఉన్నాయి. వాటిలో ‘విషాద సారంగధర’ ఒక్కటి చాలు, నాటకకర్త అర్థాన్ని ఎక్కడ దాచిపెడతాడో పట్టి చూపడానికి.

సారంగధరుడి కథ తెలుగువాళ్లకు కొత్తది కాదు. గౌరన ‘నవనాథచరిత్ర’లో ఉంది, చేమకూర వెంకటకవి కావ్యం చేశాడు, యక్షగానాలుగా ఊరూరా ఆడారు. కుర్రవాడు ఎగరేసిన పావురం సవతి తల్లి చిత్రాంగి మేడ మీద వాలుతుంది. దాన్ని తెచ్చుకోవడానికి వెళితే ఆమె మోహిస్తుంది, అతడు కాదంటాడు. తండ్రి రాజరాజనరేంద్రుడు తిరిగి రాగానే ఆమె నేరమంతా కుర్రవాడి మీదికి నెడుతుంది. రాజు కాళ్లూ చేతులూ నరకమంటాడు. పాత కథల్లో సిద్ధుడొకడు వచ్చి తెగిన కాళ్లూ చేతులూ మళ్లీ మొలిపిస్తాడు.

ఈ కథ రంగస్థలం మీదికి వచ్చేసరికి ఏమవుతుందో చూడాలి. చిత్రాంగి మేడలో ఏం జరిగిందో రాజుకు తెలియదు, మంత్రులకు తెలియదు. టిక్కెట్టు కొని కూర్చున్న జనానికి తెలుసు. కళ్లారా చూశారు. తరువాత రాజు మండిపడుతున్నప్పుడు హాల్లో ఉన్న వందలమందీ సాక్షులే, కానీ సాక్ష్యం చెప్పే వీలు లేని సాక్షులు. ఆ మాట మింగుకుని కూర్చోవలసి రావడంలోనే కరుణరసం పుడుతుంది. కుర్రవాడు ఎంత ధర్మాత్ముడో చెప్పే పద్యాలు దానికి తోడు వస్తాయి, అంతే.

రాజు చేసిన తప్పు కోపగించుకోవడం ఒక్కటే కాదు. ఒక పక్షం మాటే విని, విచారణ లేకుండా శిక్ష వేశాడు. వకీలు చేతిలో పడ్డ కథకు ఈ చోటే ఎందుకు గుండెకాయ అయిందో వేరే చెప్పనక్కర్లేదు. పాత కథల్లో సిద్ధుడు పైకోర్టులాంటివాడు. కిందివాళ్లు చేసిన తప్పును కొట్టేసి అంతా యథాస్థితికి తెస్తాడు. ధర్మవరంవారు ఆ ఓదార్పు మిగల్చకుండా నాటకాన్ని విషాదాంతం చేశారు. తప్పు దిద్దుబాటు కాకుండా ఉండిపోయింది, చూసినవాళ్లు దాన్ని ఇంటికి మోసుకుపోయారు. మొత్తం అర్థం ముగింపు మార్పులో ఉంది.

ఇది సంప్రదాయ విరుద్ధమని ఆనాడే ఆక్షేపణలు వచ్చాయి. సంస్కృత నాటకం మంగళాంతం కావాలన్నది పండితుల మాట. విచిత్రమేమంటే, ఆ నియమానికి ఎదురు నిలిచే భాసుడి ‘ఊరుభంగం’ అప్పటికి అచ్చులోనే లేదు. గణపతిశాస్త్రి తిరువనంతపురం నుంచి భాసనాటకాలు ప్రచురించడం మొదలైంది 1912లో, ధర్మవరంవారు పోయిన ఏడు. వెనక ఏ ప్రమాణమూ లేకుండానే ఆయన ఆ తెగువ చూపించారన్నమాట.

దూరదేశంలో ఇలాంటి కథే ఇంకొకటి ఉంది. క్రీ.పూ. 428లో ఏథెన్సులో యూరిపిడీసు ‘హిపోలిటస్’ ఆడించాడు. అక్కడా సవతి తల్లి మోహం, అబద్ధపు నేరం, తొందరపడ్డ తండ్రి. ఫీడ్రా చనిపోతూ పలక మీద నేరం రాసిపెడుతుంది. థీసియసు ఆ రాతను నమ్ముతాడు. కొడుకు నిజం చెప్పగలడు, కానీ చెప్పనని ప్రమాణం చేసి ఉన్నాడు. నిజం తెలిసేసరికి కుర్రవాడు కొన ఊపిరితో ఉంటాడు. రెండు వేల ఏళ్ల ఎడం ఉన్నా ఇద్దరు నాటకకర్తలూ ఒకే పని చేశారు. ముందుగా ప్రేక్షకుడికి నిజం అప్పగించి, తరువాత అతని నోరు కట్టేశారు.

గురజాడ ఇదే కిటుకుతో నవ్వించాడు. 1892లో విజయనగరంలో ఆడిన ‘కన్యాశుల్కం’ బొంకులదిబ్బ దగ్గర గిరీశం ఒంటరిగా మాట్లాడుకోవడంతో మొదలవుతుంది. అప్పులెన్ని, ఊరు వదిలి ఎందుకు పారిపోవాలి, అన్నీ మనకే చెప్పేస్తాడు. వెంకటేశం రంగం మీదికి వచ్చేసరికి గురువుగారి బండారం శిష్యుడి కంటే మనకే బాగా తెలుసు. ఆ తరువాత గిరీశం ఎంత గొప్పగా మాట్లాడితే అంత నవ్వొస్తుంది.

ఇలాంటి చోట్లు పట్టి చూపడం నాటక విమర్శ చేయవలసిన పని. మన పత్రికల్లో వచ్చే సమీక్షల్లో ఎక్కువ భాగం కథ చెప్పి, సందేశం ఒకటి పైకి లాగి, ఫలానా పాత్రలో ఫలానావారు ఒదిగిపోయారని రాసి చేతులు దులుపుకుంటాయి. నాటకాన్ని కథానికలా చదివితే కథే దొరుకుతుంది. ఏ సంఘటన తెర ముందు జరిగింది, దేన్ని తెర వెనక్కి నెట్టారు, రంగం ఏ మాట దగ్గర తెగింది, అందరూ మాట్లాడుతుంటే నోరు మెదపనిది ఎవరు అని అడిగితే తప్ప నాటకకర్త పనితనం బయటపడదు.

కోలాచలం శ్రీనివాసరావు ఎదుర్కొన్న చిక్కు వేరు. ఆయన పుట్టింది హంపీ పక్కనున్న కమలాపురంలో. సుమనోరమ సభ పెట్టి, చారిత్రక నాటకాలకు పేరు పడ్డారు. ప్రపంచ నాటక చరిత్రను ఇంగ్లీషులో పుస్తకంగా రాసి 1908లో వెలువరించారు. ఆయన ‘రామరాజు చరిత్ర’ విజయనగర పతనం కథ. 1565 జనవరిలో రక్కసి తంగడి యుద్ధంలో రామరాజు తల తెగిపడుతుందని అందరికీ ముందే తెలుసు. అంటే తీర్పు చదివేశాక వాదన మొదలుపెట్టాలి. అలాంటప్పుడు ఏం జరుగుతుందోనన్న కుతూహలం పని చేయదు. ఎందుకు ఇంతదాకా వచ్చింది, ఎవరి చేతుల మీదుగా వచ్చింది అన్నదే ప్రేక్షకుణ్ణి కుర్చీలో కూర్చోబెట్టాలి.

అందులో బళ్లారివారికి ఉన్న వెసులుబాటు మరే ఊరికీ లేదు. హంపీ అక్కడికి 60 కిలోమీటర్లు. జాతరకో మొక్కుకో వెళ్లి, కూలిన మండపాల నీడలో సద్ది విప్పుకుని తిన్నవాళ్లే హాల్లో కూర్చున్నారు. తెర మీద సింహాసనం బొమ్మ కనబడితే దాని వెనక విరిగిన రాళ్లు వాళ్ల కళ్లలో మెదిలేవి. నాటకకర్త రాయనవసరం లేని ఆ రంగాన్ని ప్రేక్షకులే పూరించుకున్నారు. అదే నాటకం మద్రాసులో ఆడితే చరిత్ర పాఠం, బళ్లారిలో ఆడితే ఇంటి సంగతి.

అంత నాటకంలోనూ జనం నోట నిలిచిన పాత్ర మాత్రం రామరాజు కాదు, పఠాన్ రుస్తుం. ఆ పాత్ర వేసినవాడు రాఘవ. అసలు పేరు తాడిపత్రి రాఘవాచార్యులు, ధర్మవరంవారి మేనల్లుడు, 1880లో పుట్టారు. ఎదుటి పక్షపువాణ్ణి ఊరికే దుర్మార్గుడిగా చూపితే ప్రేక్షకుడు తిట్టుకుని మరచిపోతాడు. అతనికీ ఒక గుండె ఉందని చూపితే, సొంత రాజ్యం కూలడాన్ని శత్రువు కళ్లతో కూడా చూడవలసి వస్తుంది. విజయనగరం అభిమానంతో వచ్చిన జనం రుస్తుం పేరు తలుచుకుంటూ ఇళ్లకు వెళ్లారంటే, రాతా నటనా కలిసి సాధించిన విజయం అది.

రాఘవ ఇంకో పెద్ద పోరాటం చేశారు. ఆయనకు పద్యం సాగదీయడం గిట్టేది కాదు. పద్యనాటకం చూసినవారికి ఆ రివాజు తెలిసిందే. కాటిసీనులో హరిశ్చంద్రుడు పద్యం ఎత్తుకుంటాడు. చివరి పాదం మీద రాగం పోతుంటే హార్మోనిస్టు శ్రుతి అందిస్తాడు. రాగం నిలిచిన క్షణాన హాలంతా ‘ఒన్స్‌మోర్’ అని కేకలు. నటుడు గొంతు సవరించుకుని, మైకు ముందుకు జరిగి, అదే పద్యం మొదటి నుంచి పాడతాడు. అంతవరకూ చంద్రమతి కొడుకు శవం ముందు తల వంచుకుని కూర్చుని ఉండాల్సిందే. పాట అద్భుతమే. దాన్ని తక్కువ చేసే ఉద్దేశం ఈ పత్రికకు లేదు. బళ్లారి, ఆదోని, గుంతకల్లు పల్లెల్లో చదువురాని రైతులకు తిరుపతి వేంకటకవుల పద్యాలు నోటికి వచ్చాయంటే ఆ రాగాల చలవే. అయితే ఆ మూడు నిమిషాల్లో కాటికాపరి పోయి గాయకుడు మిగులుతాడు. రాఘవ పద్యాన్ని మాటకు దగ్గరగా తెచ్చి, మిగిలినదంతా కళ్లకూ ముఖానికీ మౌనానికీ అప్పగించారు.

భరతుడు ఈ రెండు దారులూ ఎరుగును. నాట్యశాస్త్రం 27వ అధ్యాయంలో ప్రదర్శన విజయాన్ని కొలిచే పద్ధతి చెప్పాడు. జనం నవ్వడం, ఆహా అనడం, అయ్యో అనడం, ఒళ్లు పులకరించి లేచి నిలబడడం, ఉంగరాలూ వస్త్రాలూ విసరడం మానుషీ సిద్ధి. రంగశాల నిండి ఉండి కూడా చప్పుడు, కలకలం లేకుండా ఉంటే అది దైవీ సిద్ధి. ఒన్స్‌మోర్ మొదటి రకం విజయం. రాఘవ కోరుకున్నది రెండోది.

ఆ కోరికకూ బళ్లారి జనాభాకూ సంబంధం ఉంది. ఒకే హాల్లో తెలుగు ఇంటివాళ్లు, కన్నడ ఇంటివాళ్లు, ఉర్దూ మాట్లాడేవాళ్లు. బరువైన సమాసం సగంమందికి అందదు. కనుబొమ కదలిక అందరికీ అందుతుంది. రాఘవ తెలుగు, కన్నడం, హిందీ, ఇంగ్లీషు నాలుగింటిలోనూ ఆడారు. 1927లో గాంధీజీ ఎదుట ‘దీనబంధు కబీర్’ హిందీలోనే ప్రదర్శించారు. కన్నడ నటుడు జోళదరాశి దొడ్డనగౌడ ఆయన శిష్యుడిగానే ఎదిగాడు. స్త్రీ పాత్రలు స్త్రీలే వేయాలని పట్టుబట్టి, కొమ్మూరి పద్మావతీదేవి వంటివారితో కలిసి నటించారు. పురుషుడు చీర కట్టి ఆడితే జనం అతని నేర్పును మెచ్చుకుంటారు. స్త్రీయే నిలబడి భర్తను నిలదీస్తే చూసేవాడికి తన ఇల్లు గుర్తొస్తుంది. 1930లో పి.వి.రాజమన్నారు రాసిన ‘తప్పెవరిది’ అలాంటి నాటకం. రాజమన్నారూ వకీలే, తరువాత మద్రాసు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. పేరులోనే ప్రశ్న పెట్టి ప్రేక్షకుణ్ణి న్యాయపీఠం మీద కూర్చోబెట్టారు.

1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఇటు, బళ్లారి అటు పోయాయి. నాటకం ఆడిన ఊరు ఒక రాష్ట్రంలో, దాని గురించి పాఠం చెప్పే విశ్వవిద్యాలయాలు ఇంకో రాష్ట్రంలో. కందుకూరి పుట్టిన ఏప్రిల్ 16ను ఆంధ్రప్రదేశ్‌లో తెలుగు నాటకరంగ దినోత్సవంగా జరుపుతారు. 1946లో రాఘవ పోయింది అదే తేదీన. ఆ వేదికల మీద ఆయన పేరు వినబడుతుంది. ఆయన ఎలా ఆడారో చెప్పే ఆధారాలు మాత్రం తరిగిపోతున్నాయి.

అచ్చు పుస్తకాలు ఈ లోటు తీర్చలేవు. ఏ పద్యం కొట్టేశారు, ఏ మాట దగ్గర ఆగారు, తెర ఎప్పుడు దించారు అన్నది ప్రాంప్టరు చేతిలోని ప్రతిలో పెన్సిలు గీతలుగా ఉంటుంది. బళ్లారి, హోస్పేట, ఆదోని, గుంతకల్లు, రాయదుర్గం ప్రాంతాల్లో తాతలూ తండ్రులూ నాటకాలాడిన ఇళ్లు ఇంకా ఉన్నాయి. అటక మీద అలాంటి ప్రతి, కరపత్రం, ఫొటో ఏదైనా ఉంటే పాతకాగితాలవాడికి తూకానికి వేయకండి. ఫొటో తీయించి ఒక నకలు దగ్గరలోని గ్రంథాలయానికి ఇవ్వండి. ఈ పత్రికకు పంపినా జాగ్రత్తగా అచ్చువేసి, అసలు ప్రతి మీకే తిరిగి చేరుస్తాం.