శిఖరమా? స్నేహమా?

పర్వతారోహణము కేవలము బలపరీక్ష యని కొందఱు తలంతురు. అది పొరపాటు. అమెరికాయందలి సియెరా క్లబ్బువారు ఎడారికొండల నెక్కుటకై 1941లో కాలిఫోర్నియాయం దొక శాఖను నెలకొల్పిరి. వా రెక్కు టెలిస్కోపు శిఖరము డెత్ వ్యాలీ చెంత 11,049 అడుగుల యెత్తున నున్నది. ఇట్టి కొండలపై నీరు దొరకుట యరుదు. ఎవరి నీరు వారే మోయవలెను. శిఖరములపై డబ్బాలలో నుంచిన పుస్తకములందు ఎక్కినవారు తమ పేరులు వ్రాయుదురు. రాత్రి నెగడుచుట్టు కూర్చుండి, తలకొకటి తెచ్చిన వంటకములను పంచుకొని భుజింతురు. పేరు వ్రాయు తమకమున, డస్సిన తోడివానిని ఎండలో విడిచిపోయినవాడు ఆ నెగడుకడ నే మొగముతో కూర్చుండగలడు? శిఖరము రేపును అచ్చటనే యుండును. మిత్రునితో వెనుదిరుగుట ఓటమి గాదు. విద్యార్థులారా! మన విహారయాత్రలందును వెనుకబడినవాని నడకయే అందఱి నడక కావలెను.