నగరవార్త - వలసవచ్చిన పౌరుడు

సూరతు నగరమున ఉధ్నా, లింబాయతు పరిసరములలో తెలంగాణమునుండి వలసవచ్చిన పద్మశాలి కుటుంబములు చిరకాలముగా మరమగ్గములపై జీవించుచున్నవి. 1863లో స్థాపితమైన 'గుజరాత్ మిత్ర' వంటి ప్రాచీన పత్రిక గల నగరమిది. అయినను గుజరాతీ చదువనేరని నేతకార్మికునకు నగరపాలక సంస్థ తీర్మానములు తెలియుటెట్లు? హైదరాబాదు పత్రికలకు ఉధ్నా వీధులు దూరము.

ఈ లోపము స్వల్పము కాదు. 1994 సెప్టెంబరులో ప్లేగు భయముచే లక్షలాది జనులు సూరతును విడిచిపోయిరి. నమ్మదగిన వార్త అందనిచోట వదంతియే వార్త యగును.

నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమమునను పాఠశాలలు నడుపుచున్నది. అక్షరము నేర్పిన నగరము చదువదగిన వార్తను గూడ ఈయవలదా? సన్మానసభల ఛాయాచిత్రములు చాలవు. వార్డులో వసూలైన పన్నెంత, జరిగిన పనియెంత అనునది కావలెను. స్థానిక పత్రికలు వారమునకొక తెలుగు పుటనైన వెలువరించినచో, ఎన్నికలవేళ లెక్కకు మాత్రమే వచ్చు వలసకార్మికుడు ప్రశ్నింపగల పౌరుడగును.