తరుగు తగ్గితేనే లాభం

సంపాదకులు గారికి,

సరుకు కొనుగోలు, రవాణా, నిల్వల్లో పర్యావరణాన్ని పట్టించుకోవడం పెద్ద కంపెనీలకే చెల్లుతుందనీ, చిల్లర వ్యాపారికి అది మోయలేని బరువనీ పత్రికల్లో తరచూ చదువుతున్నాను. అండమాన్ రాజధాని శ్రీవిజయపురంలోని (పాత పోర్ట్ బ్లెయిర్) డైరీ ఫార్మ్ ప్రాంతంలో కూరగాయలు, కిరాణా అమ్ముకునే నాకు ఆ మాట మింగుడుపడటం లేదు. సుస్థిర సరఫరా గొలుసు అని పెద్దలు పిలిచేది మా దీవుల్లో రోజూ గల్లాపెట్టె దగ్గర తేలే లెక్క.

చెన్నైకీ మాకూ మధ్య 1,300 కిలోమీటర్లకు పైగా సముద్రం. ఉల్లిపాయలూ బంగాళాదుంపలూ ఇక్కడ పెద్దగా పండవు కాబట్టి మెయిన్‌లాండ్ నుంచి రావలసిందే. టమాటా సంగతీ చాలామటుకు అంతే. మదనపల్లె వైపు కోసిన కాయ లారీ ఎక్కి, చెన్నైలో చేతులు మారి, ఓడెక్కి, హాడో రేవులో దిగి, చివరికి మా గుమ్మం ముందుకొస్తుంది. పెట్టె తెరిస్తే పైవరస నిగనిగలాడుతుంది. చెయ్యి కాస్త లోపలికి పెడితే వేళ్లకు తడి అంటుకుంటుంది, పులిసిన వాసన కొడుతుంది. పగిలినవాటిని ఏరి అవతల పారేస్తాం. దానికే మేం తరుగు అని పేరు పెట్టుకుని, అది వ్యాపారంలో మామూలేనని సరిపెట్టుకుంటున్నాం.

అది ఎంత మామూలో లెక్క వేసి చూడండి. ఉదాహరణకు 100 కిలోలు, కొన్న ధర కిలోకు 30 రూపాయలు, కిరాయీ కూలీ కలిపి మరో 10 అనుకుందాం. మొత్తం 4,000 రూపాయలు. అందులో 20 కిలోలు పోతే మిగిలిన సరుకు కిలో 50 రూపాయలు పడుతుంది. తరుగు 5 కిలోలకు దిగితే 42 రూపాయల చిల్లరే. తేడా దాదాపు ఎనిమిది రూపాయలు. అందులో సగం కొనేవాళ్లకు వదిలేసినా మిగతా సగం మాది. కుళ్లిపోయిన కాయకు కూడా లారీ డీజిలూ ఓడ కిరాయీ కట్టేశామని మరిచిపోకూడదు. తరుగు తగ్గితే చమురు ఖర్చు, చెత్త, నష్టం మూడూ ఒకే దెబ్బకు తగ్గుతాయి.

దీనికి పెద్ద యంత్రాలేమీ అక్కర్లేదు. గోనె సంచులకూ నాసిరకం పెట్టెలకూ బదులు గాలి ఆడే గట్టి క్రేట్లు వాడాలి. బాగా పండినవి కాక దోర కాయలు ఎంచి పంపమని చెన్నైలోనే ఒప్పందం చేసుకోవాలి. రేవులో దిగిన సరుకు ఎండలో పడి ఉండకుండా నీడ కావాలి. క్రేటు ఖరీదెక్కువే. కానీ ఖాళీ క్రేట్లు తిరుగు ఓడలో వెళ్లి మళ్లీ నిండి వస్తుంటే, ఆ ఖర్చు చాలా ట్రిప్పుల మీద సర్దుకుంటుంది.

రెండో లాభం దగ్గరి సరుకులో ఉంది. మెయిన్‌లాండ్ కొత్తిమీర మా దాకా వచ్చేసరికి సగం కట్ట పసుపు తిరిగి ఉంటుంది. ఇక్కడ పెరటి నీడలో పెరిగే బర్మా ధనియా ఉంది. పొడుగాటి ఆకు, అంచున సన్నటి ముళ్లు, ఘాటు వాసన. పప్పులో వేసినా పచ్చడిలో వేసినా కొత్తిమీరకు ఏమాత్రం తీసిపోదు. పొద్దున కోసింది సాయంత్రానికి అమ్ముడవుతుంది, ఓడ కిరాయి ఊసే లేదు. గారాచర్మలోని కేంద్ర ద్వీప వ్యవసాయ పరిశోధన సంస్థ దీని సాగును చాలాకాలంగా ప్రోత్సహిస్తోంది. ఇప్పుడు షహీద్ ద్వీప్ అంటున్న నీల్ దీవిని అండమాన్ కూరగాయల బుట్ట అంటారు. అక్కడి రైతులు అడిగేది రెండే: ముందుగా ఒక ధర, వారం వారం తప్పకుండా చెల్లింపు. ఆ మాట ఇచ్చి నిలబెట్టుకున్న దుకాణానికి, సరుకు కరువైన రోజున కూడా వాళ్లు ముందు ఇస్తారు.

అన్నీ ఇక్కడే పండించి అమ్మాలనేది నా వాదన కాదు. ఏడాదిలో చాలా నెలలు వాన కురిసే నేల ఇది. ఆరుబయట తోటలు నీళ్లలో నానిపోతాయి. నీల్ సరుకూ పడవ మీదే రావాలి. 2016 డిసెంబరు తుపానుకు నీల్, హేవ్‌లాక్‌ దీవుల్లో పర్యాటకులు చిక్కుకుపోతే నౌకాదళం వెళ్లి తీసుకురావలసి వచ్చింది. మనుషులే కదల్లేని రోజున బెండకాయలేం వస్తాయి? అందుకే ఒక్క చోటును నమ్ముకోకూడదు. కొంత చెన్నై, కొంత నీల్, కొంత మా దీవిలోనే ఉన్న ఫెరార్‌గంజ్ వైపు నుంచి తెచ్చుకునేవాడి దుకాణంలో ఓడ ఆలస్యమైనా అరలు ఖాళీ కావు. ఆ రోజు వచ్చిన కొత్త గిరాకీ ఆ తర్వాతా మిగులుతుంది.

మూడోది తిరుగు ప్రయాణం. ఇక్కడికి నిండుగా వచ్చే కంటైనర్లలో చాలావాటికి వెళ్లేటప్పుడు సరిపడా సరుకు ఉండదు. కొబ్బరి, వక్క పోగా బోలెడంత చోటు మిగులుతుంది. మరోపక్క అట్టపెట్టెలు, సీసాలు, ప్లాస్టిక్ కవర్లు దీవిలోనే గుట్టలు పడుతున్నాయి. ప్లాస్టిక్ ప్యాకింగ్‌ను తిరిగి సేకరించే బాధ్యత తయారు చేసే, దిగుమతి చేసే, బ్రాండు వేసే కంపెనీలదేనని కేంద్ర నిబంధనలు స్పష్టంగా చెబుతున్నాయి. దుకాణాలన్నీ కలిసి వేరుచేసి మూటలు కట్టి పంపితే అమ్ముకునే అట్టకు డబ్బు వస్తుంది, కవర్ల భారం కంపెనీల మీద పడుతుంది. ఒక్కో దుకాణం విడిగా చేస్తే కిరాయి కూడా గిట్టదు.

ఇక కొనేవాళ్ల సంగతి. మార్కెట్ విలువలో మొదటి 1,000 లిస్టెడ్ కంపెనీలు తమ పర్యావరణ, సామాజిక బాధ్యతల మీద ఏటా నివేదిక ఇవ్వడాన్ని సెబీ 2022-23 నుంచి తప్పనిసరి చేసింది. అలాంటి కంపెనీల హోటళ్లు దీవుల్లోనూ ఉన్నాయి. ఈ కూర ఎక్కడిది, దేనిలో కట్టి తెచ్చారు అని అవి అడగడం ఖాయం. జవాబు చెప్పగలిగిన వ్యాపారికే ఆర్డరు. యూరప్ 2010 నుంచే దిగుమతి చేపకు ఎవరు, ఎక్కడ పట్టారో ధ్రువపత్రం అడుగుతోంది. ట్యూనా ఎగుమతి మీద ఆశలు పెట్టుకున్న జంగ్లీఘాట్ మత్స్యకారులకు, వారిలోని మన తెలుగు కుటుంబాలకు, ఇది దూరపు సంగతి కాదు. మన్యం గిరిజన రైతులు సేంద్రియంగా పండించిన కాఫీకి అరకు పేరుతోనే 2017లో పారిస్‌లో దుకాణం వెలిసింది. గింజ రుచితో పాటు అది ఏ తోటదో చెప్పగలగడం కూడా అక్కడ ధర పలికింది.

కాబట్టి నా మనవి ఇది. డైరీ ఫార్మ్, జంగ్లీఘాట్, గోల్‌ఘర్ వ్యాపారులు కలిసి ఒకే ఆర్డరు పెట్టి, క్రేట్లు ఉమ్మడిగా కొనాలి. స్థానిక రైతులతో కాగితం మీద ధర ఒప్పందం చేసుకోవాలి. రేవులో కూరగాయలకు నీడా, కాస్త చల్లని గదీ కల్పించి, దానికి సౌర విద్యుత్తు వాడే బాధ్యత పాలనా యంత్రాంగం తీసుకోవాలి. డీజిల్ జనరేటర్ల మీద ఇంతగా ఆధారపడిన చోట చల్లదనం ఊరికే రాదు. తిరుగు ఓడల్లో ఖాళీ క్రేట్లకూ చెత్త మూటలకూ రాయితీ కిరాయి ప్రకటించాలి.

మొదటి రెండింటికీ ఎవరి అనుమతీ అక్కర్లేదు, వచ్చే ఓడ సరుకుతోనే మొదలుపెట్టవచ్చు. అవి చేసి చూపి, తగ్గిన తరుగు లెక్కలు చేత పట్టుకుని వెళ్తే మిగతా రెండూ అడగడానికి మాకు గొంతు వస్తుంది.

ఇట్లు,
ఒక చిల్లర వ్యాపారి,
డైరీ ఫార్మ్, శ్రీవిజయపురం