బండి నుదుటి రాత

పిల్లలూ! మనిషి నుదుటి రాత మారదని పెద్దలు అంటూంటారు. కాని బండి నుదుటి రాత మారుతుంది! అదెలాగో ఈ నెల తెలుసుకుందాం.

ఉప్పల్ నుంచి వరంగల్లు పోయే పెద్ద రోడ్డు మీద అన్నోజిగూడ ఉన్నది గదా. ఒక ఆదివారంనాడు అమ్మతోనో నాన్నతోనో వెళ్ళి, రోడ్డుకు దూరంగా చెట్టు నీడన నిలబడి, పోయే బండ్ల నంబర్లు చదవండి. కొన్నిటి మీద ఎ.పి. అనీ, కొన్నిటి మీద టి.ఎస్. అనీ, మరికొన్నిటి మీద టి.జి. అనీ ఉంటుంది. ఆ మూడు రకాల బండ్లూ ఒకే వీధివి కావచ్చు. మరి మూడు పేర్లెందుకు?

మన దేశంలో 1989 జులై 1న కొత్త మోటారు వాహనాల చట్టం అమలులోకి వచ్చింది. అప్పటినుంచి ప్రతి రాష్ట్రానికీ రెండేసి అక్షరాల గుర్తు ఏర్పడింది. ఆంధ్రప్రదేశ్ గుర్తు ఎ.పి. తెలంగాణ ఉద్యమం సాగిన రోజుల్లో చాలామంది తమ బండ్ల మీద ఎ.పి. తీసేసి టి.జి. అని రాసుకున్నారు. చట్టం దానికి ఒప్పుకోదు, అయినా రాసుకున్నారు. 2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రం ఏర్పడ్డాక వచ్చిన గుర్తు మాత్రం టి.ఎస్. తరువాత ప్రభుత్వం దాన్ని మార్చింది. 2024 మార్చి 15 నుంచి కొత్త బండ్లకు టి.జి. ఇస్తున్నారు. ఒకప్పుడు తప్పయిన రాతే ఇప్పుడు చట్టమయింది. చూశారా తమాషా!

“అయితే పాత బండ్ల నంబర్లు కూడా మార్చవద్దా?” అని మీరు అడగవచ్చు. ఆలోచించండి. బండి నంబరు ఒక్క ప్లేటు మీదనే ఉండదు. రిజిస్ట్రేషను కాగితంలో, బీమా కాగితంలో, అప్పు పెట్టి కొంటే బ్యాంకు కాగితంలో కూడా ఉంటుంది. నంబరు మారిస్తే అవన్నీ మార్చాలి. దానికోసం ఆటో నడిపేవాడు ఆఫీసుకు వెళ్ళి నిలబడితే ఆ రోజు సంపాదన పోయినట్టే. అందుచేత పాతవి పాత నంబరుతోనే తిరుగుతున్నాయి.

కొన్ని చోట్ల మాత్రం ప్లేట్లను గడువు పెట్టి మార్చేస్తారు. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో చాలాకాలం ఏడేళ్ళకొకసారి కొత్త ప్లేటు బిగించుకోవాల్సి ఉండేది. కారణం పేరు కాదు, మెరుపు! ప్లేటు మీది పొరకు ఒక గుణం ఉన్నది. రాత్రివేళ దానిమీద పడిన దీపపు వెలుగును, వచ్చిన దారినే తిప్పి పంపుతుంది. అందువల్ల వెనుక వచ్చేవారికి అంకెలు కనిపిస్తాయి. ఎండకూ వానకూ ఆ గుణం తగ్గిపోతుంది.

మన దేశంలో 2019 ఏప్రిల్ 1 నుంచి కొత్త బండ్లన్నిటికీ ఒకే రకం అల్యూమినియం ప్లేటు పెడుతున్నారు. దాని మూలన అశోకచక్రం గుర్తు మెరుస్తుంది. లేజరుతో చెక్కిన మరో నంబరు కూడా ఉంటుంది. వెనుక ప్లేటు బిగించిన తాళం ఒకసారి ఊడదీస్తే మళ్ళీ పనికిరాదు. దొంగ ఒక బండి ప్లేటు మరొక బండికి తగిలించకుండా ఈ ఏర్పాటు.

ఇంత జాగ్రత్త ఎందుకంటారా? ఏ బండి అయినా ఎవరినైనా గుద్ది ఆగకుండా పోయిందనుకోండి. పడిపోయినవారికి న్యాయం జరగాలంటే చూసినవారికి ఆ నాలుగు అంకెలే ఆధారం. అవి బురదతో కప్పుకుపోయినా, ఎవరైనా ప్లేటును వంచినా, ఆ ఆధారం పోయినట్టే.

కాబట్టి మీ ఇంట్లో బండి ఉంటే, అది ఆగి ఉన్నప్పుడు తడిగుడ్డతో నంబరు ప్లేటు తుడవండి. అది మీ పని అనుకోండి. ఇంటి నంబరు నోటికి వచ్చేట్టు, బండి నంబరు కూడా నోటికి రావాలి.

ఇక ఈసారి రోడ్డు మీద చూడండి: ఆర్.టి.సి. బస్సు నంబరులో అంకెల ముందు ఏ అక్షరం ఉంటుంది? ఆకుపచ్చ ప్లేటు ఉన్న బండి ఎందుకు పొగ వదలదు? మొదటిదానికి జవాబు ‘జడ్’. రెండోదానికి జవాబు మీరే కనిపెట్టి, మీ మేష్టారికి చెప్పండి!