తగలబెడితే బూడిద, మొక్కకు పెడితే ఎరువు

అమలాపురం: కోనసీమ పల్లెల్లో పొద్దుగూకేసరికి పెరట్లోనో, రోడ్డు వారనో చెత్తకు నిప్పు పెట్టడం అలవాటైపోయింది. ఆ మంటల్లో కాగితాలూ, అట్టలూ నానాటికీ పెరుగుతున్నాయి. ఒకప్పుడు ఇంటికి వచ్చే కాగితమంటే పచారీ కొట్టు పొట్లం, పిల్లల నోటు పుస్తకం. పొట్లం కట్టిన దారం కూడా ఉండచుట్టి దాచుకునేవారు. ఇప్పుడు మిక్సీ కొన్నా, చెప్పులు తెప్పించుకున్నా వెంట అట్టపెట్టె వస్తోంది. దాన్ని ఏం చేయాలో తోచక అగ్గిపుల్ల గీస్తున్నారు.

ఇది మంచి పద్ధతి కాదు. వేసవి గాలికి ఎగిరిన కాగితపు నిప్పు తాటాకు ఇంటి మీదో, గడ్డిమేటు మీదో పడితే ఏమవుతుందో పల్లెవాసులకు చెప్పనక్కరలేదు. అట్టతోపాటు టేపూ, ప్లాస్టిక్ సంచీ కాలి, ఆ పొగ ఉబ్బసం ఉన్న ముసలివారినీ, పసిపిల్లలనూ బాధిస్తుంది. బహిరంగంగా చెత్త కాల్చరాదని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016 డిసెంబరులో ఉత్తర్వు ఇచ్చింది. మామూలుగా కాలిస్తే 5,000 రూపాయలు, పెద్ద మొత్తంలో కాలిస్తే 25,000 రూపాయలు జరిమానా అన్నది. జరిమానా సంగతి అలా ఉంచినా, చేతిలో ఉన్న ఎరువును బూడిద చేసుకోవడం ఏం లాభం?

శుభ్రంగా, పొడిగా ఉన్న కాగితాన్ని పాత పేపర్లు కొనేవారికి అమ్మడమే మేలు. అది మళ్లీ కాగితమవుతుంది. తడిసినవీ, చిరిగినవీ, మట్టి అంటినవీ ఎవరూ కొనరు. పెరటికి పనికొచ్చేవి అవే.

కాగితంలో కర్బనం ఎక్కువ, నత్రజని నామమాత్రం. ఒక్కదాన్నే పోగేస్తే నెలల తరబడి అలాగే పడి ఉంటుంది. 25, 30 పాళ్ల కర్బనానికి ఒక పాలు నత్రజని కలిస్తే కుళ్లడం చక్కగా సాగుతుంది. అందుచేత తట్టెడు అట్టముక్కలకు రెండు తట్టల పేడ, పచ్చి ఆకు, కూరగాయల తొక్కు కలపాలి. పొరలు పొరలుగా వేసి తడపాలి. గుప్పెట పట్టి పిండితే చెమ్మ తగలాలి గానీ నీరు కారకూడదు. పదిహేను రోజులకొకసారి తిరగేస్తే మూడు నాలుగు నెలల్లో ఎరువు తయారవుతుంది. ఈ లంక నేలల్లో వానాకాలం గొయ్యి తవ్వితే నీళ్లూరుతాయి కనుక నేల మీదే దడి కట్టుకోవడం మంచిది.

అరటి, నిమ్మ పాదుల్లో అట్టలు తడిపి పరచి, పైన ఆకులు కప్పితే తేమ నిలుస్తుంది, కలుపు తగ్గుతుంది. తుంగ మాత్రం అట్టను చీల్చుకుని వస్తుంది. దాన్ని గడ్డతో సహా తవ్వాల్సిందే. అట్టకు చెద పట్టే గుణం ఉంది. కాబట్టి మొక్క మొదలుకూ, ఇంటి గోడకూ తగలనివ్వకూడదు. టేపులు, పిన్నులు ముందే తీసేయాలి. మెరుపు శుభలేఖలు, టీ కాగితపు గ్లాసులు, బస్సులో మిషనుపై ఇచ్చే టికెట్లు వేయరాదు. గ్లాసు లోపల ప్లాస్టిక్ పొర ఉంటుంది, టికెట్టుకు రసాయనం పూసి ఉంటుంది.

కొబ్బరి రైతుకు మరో భయం ఉంది. ఎరువు పోగుల్లోనే కొమ్ము పురుగు గుడ్లు పెడుతుంది. పోగు తిరగేసినప్పుడల్లా తెల్లటి లద్దె పురుగుల్ని ఏరి చంపాలి. వాటిని చంపే మెటారైజియం శిలీంధ్రాన్ని కూడా పోగులో కలుపుకోవచ్చు. అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం దగ్గరలోనే ఉంది, సలహా అడగవచ్చు.

కాగితం సరస్వతి గదా, పెంటలో వేయడమేమిటని పెద్దలు అభ్యంతరం చెబుతారు. కాగితం కాలికి తగిలితే కళ్లకద్దుకునే గౌరవం పల్లెల్లో ఉంది, అది ఉండాల్సిందే. అయితే మొక్కకు తిండి కావడం అపచారమైతే, ప్లాస్టిక్‌తో కలిసి రోడ్డు వారన కాలడం ఏ పాటి మర్యాద? దేవుడి బొమ్మలున్న నున్నటి క్యాలెండర్లు ఎలాగూ ఎరువుకు పనికిరావు. వాటిని వేరుగా దాచుకోవచ్చు.

పశువులూ, పెరడూ లేని ఇళ్లు చాలా ఉన్నాయి. అక్కడ బాధ్యత పంచాయతీలదే. వారానికొక రోజు అట్టలు, కాగితాలు విడిగా సేకరించి, అమ్ముడయ్యేవి అమ్మి, మిగిలినవి చెత్త నుంచి సంపద తయారీ కేంద్రంలో పేడతో కలిపించాలి. షెడ్డు కట్టి బోర్డు పెట్టినంత మాత్రాన ఎరువు తయారు కాదు. పంచాయతీ కదిలేదాకా ఇళ్లవారూ ఆగనక్కరలేదు. పేడ ఉన్న ఇల్లూ, అట్టలున్న ఇల్లూ పక్కపక్కనే ఉన్నాయి. ఇద్దరూ మాట్లాడుకుంటే ఆ సాయంత్రం మంట అక్కరలేదు.