కంటికి తగిన దుర్భిణి

వెంగళరావు నగరమునుండి జూబిలీ హిల్సు వైపు పోయినచో, 1998లో జాతీయోద్యానముగా ప్రకటింపబడిన కాసు బ్రహ్మానందరెడ్డి వనము తగులును. తెల్లవాఱగనే అచ్చట నడకకు వచ్చు స్త్రీలలో మెడకు దుర్భిణి తగిలించుకొని వచ్చువారిని ఇటీవల తఱచుగా చూచుచున్నాము. ఇది సంతోషింపదగినదే. కాని పెక్కిండ్లలో ఆ దుర్భిణి నెల తిరుగకమునుపే బీరువా పైయరకు చేరుచున్నది. కారణమడిగినచో గృహిణులు చెప్పు మాట యొక్కటే. "నా కళ్ళకు అది పట్టదమ్మా, ఆయనకు బాగానే కనబడుతుంది." సోదరీమణులారా, ఈ మాటలో నిజము లేదు. పట్టనిది కన్ను గాదు, వస్తువు.

మా వీధిలోని యొక సోదరి సంగతి చెప్పెదము. ఆమె భర్త ముచ్చటపడి పెద్ద దుర్భిణి యొకటి తెచ్చెను. గొట్టముమీద 20×50 అని వ్రాసియుండెను. అంకె పెద్దదైన వస్తువు గొప్పదని ఆయన యూహ. ఆమె చూచినప్పుడెల్ల రెండు వృత్తములు పక్కపక్కన కనబడుచుండెను, కొంతసేపటికి నుదురు నొప్పి పట్టుచుండెను. కంటి వైద్యునికి చూపింపగా కన్నులలో లోపమేమియు లేదనెను. తుదకు కొలిచి చూడగా ఆమె రెండు కనుపాపల నడిమి దూరము 56 మిల్లీమీటర్లు. ఆ దుర్భిణి ఎంత మడచినను 60కి తక్కువ రాదు. ఇంతే విషయము. ఈ లోపముగా ఆమె యేడాదిపాటు తన దృష్టినే నిందించుకొన్నది.

రెండు వృత్తముల భ్రాంతికి మన పొరుగుననున్న ఫిల్మ్ నగర్ వారును కొంత కారకులే యని మా యభిప్రాయము. చలనచిత్రములలో కథానాయకుడు దుర్భిణి యెత్తగనే తెరమీద రెండు వృత్తములు పక్కపక్కన అతికి, అడ్డముగా పడుకొన్న ఎనిమిది అంకెవలె చూపుదురు. అది చూపరులకు తెలియుటకై చేసిన సంకేతము మాత్రమే. కంటికి సరిగా అమరిన దుర్భిణిలో ఒక్కటే నిండు వృత్తము కనబడవలెను. రెండు కనబడినచో అమరిక కుదరలేదని యెఱుగవలెను.

కాబట్టి కొనుటకు ముందు చేయవలసినది కనుపాపల నడిమి దూరమును కొలుచుకొనుట. కండ్లజోడు వాడువారికి అద్దములవారిచ్చిన చీటిలో "పి.డి." అనుచోట ఈ యంకె యుండును. లేనివారు అద్దము ముందు నిలిచి, మిల్లీమీటర్ల కొలబద్దను కనుబొమలకానించి, కుడికన్ను మూసి ఎడమ పాప నడుమకు సున్నను చేర్చవలెను. పిదప తల కదలింపక ఎడమకన్ను మూసి, కుడి పాప నడుమ ఏ యంకె వచ్చునో చూడవలెను. స్త్రీలకు ఈ దూరము సగటున 62 మిల్లీమీటర్లు, పురుషులకు 64. రెండు మిల్లీమీటర్లే గదా యనవచ్చును. కాని సగటు మాట యట్లుండగా 55, 56 గల స్త్రీలు అరుదు కారు. పిల్లలకు ఇంకను తక్కువ. పెద్ద దుర్భిణులు కొన్ని అంత దగ్గఱకు మడవబడవు. ముందరి యద్దములు వెడల్పైనకొలది గొట్టములు లావగును. ఒకదానినొకటి తాకిన పిదప అవి యింక దగ్గఱకు రానేరవు గదా. ఇట్టి వారికి ముందరి యద్దము 30 లేక 32 మిల్లీమీటర్లుండు మధ్యరకము గాని, నడుమ రెండు మడతబందులుండు చిన్నరకము గాని కుదురును. తయారుచేసినవారు ఇచ్చు పత్రములో ఈ కనిష్ఠదూరము వ్రాయబడియుండును. దుకాణదారుడు చెప్పకపోయినను అడిగి చదివించుకొనవలెను.

ఇక గొట్టముమీది యంకెల యర్థము. 8×42 అని యున్నచో మొదటిది ఎన్ని రెట్లు దగ్గఱగా కనబడునో చెప్పును. నలుబది మీటర్ల దూరమున కరెంటు తీగపై కూర్చున్న పాలపిట్ట అయిదు మీటర్ల దూరముననున్నట్లు తోచును. రెండవది ముందరి యద్దము వెడల్పు, మిల్లీమీటర్లలో. రెండవదానిని మొదటిదానిచే భాగింపగా వచ్చునది మిక్కిలి ముఖ్యమైన యంకె. దానిని ఎవరును గొట్టముమీద చెక్కరు. 42ను 8చే భాగింపగా అయిదుంబావు. దుర్భిణినుండి వెలువడి కంటిలో ప్రవేశించు కాంతిస్తంభము వెడల్పిది. దుర్భిణిని చేయి చాచి పట్టి వెలుతురువైపు త్రిప్పినచో కంటివైపు అద్దములో చిన్న తెల్లని బిళ్ళగా అది కనబడును. మిట్టమధ్యాహ్నము మన కనుపాప రెండు మూడు మిల్లీమీటర్లకు ముడుచుకొనును, మునిమాపున అయిదాఱుకు విప్పారును. వయసు మీఱినకొలది ఈ విప్పారుట తగ్గును. తెల్లవాఱుజామున చెట్లనీడలో పిట్టలను చూడగోరువారికి ఈ యంకె నాలుగైదు ఉండిన మేలు. పగటిపూట మాత్రమే చూచువారికి 8×25 చిన్నది చాలును. మొన్నటి 20×50కి ఇది రెండున్నర మాత్రమే. అనగా అంత లావు, అంత బరువు మోసియు చిన్నదానికంటె తక్కువ వెలుతురే లభించినది.

రెట్లు పెరిగినకొలది చేతి వణకు కూడ అన్ని రెట్లగును. పదింటికి మించినచో మూడుకాళ్ళ పీట లేనిదే నిలుకడగా చూచుట దుర్లభము. చూపుమేరయు కుంచించుకొనిపోవును, ఎనిమిది రెట్లలో వేయి మీటర్ల దూరమున సుమారు 120, 130 మీటర్ల వెడల్పు కనబడగా, పది రెట్లలో 100, 110 మాత్రమే. ఎగురు పిట్టను వెదకి పట్టుటకు ఈ వెడల్పే యాధారము. మొదటిసారి కొనువారికి ఎనిమిదియే మంచిదని మేము నిస్సంశయముగా చెప్పుదుము.

అయినను ఎవరి యవసరము వారిది. రవీంద్రభారతిలో వెనుక వరుసల కూర్చుండి కూచిపూడి నర్తకి కనుల కదలికను, చేతి ముద్రలను చూడగోరు సోదరికి ఎనిమిది రెట్లు ఎక్కువే.  మూడు, నాలుగు రెట్ల తేలికైన నాటకపు దుర్భిణి ఆమెకు తగును. 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలముగా ప్రకటింపబడిన అమీన్‌పూర్ చెఱువు గట్టుననో, నేలపట్టులో గూడబాతుల కొలువు నెదుటనో నిలుచువారికి దూరము హెచ్చు. చేయి నిలుకడగలవారు పది రెట్లు తీసికొనవచ్చును. పెరటిలో కరివేప చెట్టుమీది సీతాకోకచిలుకలపై మక్కువగలవారు ఎంత దూరమునకు చూడగలదో యని కాక, ఎంత దగ్గఱకు చూడగలదో యని యడుగవలెను. రెండు మీటర్లకు కుదురునవి కలవు. పెద్దవి కొన్ని అయిదు మీటర్ల లోపల మసకగానే యుండును.

రాత్రివేళ మాట చెప్పక విడువలేము. పెండ్లినాడు పురోహితులు చూపు అరుంధతిని నగరపు దీపకాంతిలో నేడు కంటితో కన్నవారు అరుదు. చూపినదని యనిపించుకొని లోనికి వచ్చుచున్నాము. ఎండకాలపు సాయంత్రములలో ఉత్తరమున సప్తర్షుల తోకవైపు ఎనిమిది రెట్ల దుర్భిణి యెత్తినచో వసిష్ఠుని చెంత ఆమె స్పష్టముగా వేఱుపడి కనబడును. శీతకాలమున కృత్తికలు కంటికి అయిదాఱే, దుర్భిణిలో పదులకొలది. సూర్యునివైపు మాత్రము క్షణమైనను త్రిప్పరాదు. కాంతినంతయు ఒకచో కూర్చి కంటిలోనికి పంపుట దాని స్వభావము. చూపు శాశ్వతముగా పోగలదు. పిల్లలచేతికిచ్చునపుడు ఈ మాట మొట్టమొదట చెప్పవలెను.

కండ్లజోడు వారి సంగతి. చత్వారమువలన చదువుటకు మాత్రమే జోడు పెట్టుకొనువారు దుర్భిణికి జోడు తీసివేయవచ్చును. దూరపుచూపు తక్కువైనవారును తీయవచ్చును, నడిమి చక్రము త్రిప్పగా ఆ లోటు తీఱును. చీటిలో "సిలిండర్" అను అంకె హెచ్చుగానున్నవారికి మాత్రము జోడు తీసిన చూపు చక్కబడదు, జోడుతోనే చూడవలెను. అట్టివారు కంటివైపు అద్దమునుండి కన్ను ఎంత ఎడముగా నున్నను పూర్తివృత్తము కనబడునో ఆ కొలతను విచారింపవలెను. 15 మిల్లీమీటర్లకు తక్కువైనచో అంచులు నల్లబడును. కంటివద్ద రబ్బరు కప్పులు త్రిప్పగా పైకి క్రిందికి జరుగునట్లుండవలెను. జోడు గలవారు క్రిందికి దింపి, లేనివారు పైకెత్తి వాడుదురు.

ఆకారమునుబట్టి దుర్భిణులు రెండు తెగలు. ఇటలీ దేశస్థుడు పోరో 1854లో రూపొందించిన పట్టకముల యమరికగలవి భుజములు తీరి, నడుమ వంపు గలిగియుండును. తక్కువ వెలకే మంచి చూపునిచ్చును, కాని లావు. నిటారు గొట్టములవి సన్ననివి, తడికి బాగుగ తాళును, వెల హెచ్చు. ఎనిమిది రెట్ల 42 మిల్లీమీటర్లది సుమారు 650 గ్రాములు తూగును. మెడకు గంటసేపు వేలాడినపుడు ఆ బరువు తెలియును. భుజములమీదుగా వచ్చు పట్టీలు వేఱుగా దొరకును. మెడనొప్పిగల సోదరీమణులు వానికి వెనుదీయరాదు. నేటి ధరలలో పదివేల రూపాయలకు అటునిటుగా తృప్తికరమైనది లభించును; లక్షకు మించినవియు కలవు, వానితో మనకు పని లేదు.

దుకాణమున దీపముల క్రింద చూచి తీసికొనరాదు. గుమ్మమువద్దకు వచ్చి దూరపు పలకమీది యక్షరములను చదువవలెను. నడుమనే గాక అంచులయందును అవి ఎంతవఱకు తేటగానున్నవో గమనింపవలెను. ఆకాశము వెనుకగా నున్న కరెంటు తీగను చూచినచో ఊదా, ఆకుపచ్చ రంగులు దాని యంచున ఎక్కువగా పొడసూపరాదు. రెండు కన్నులతో చూచునపుడు తీగ రెండుగా చీలినట్లు తోచినను, కంటిలో లాగినట్లుండినను, గొట్టములు సమముగా లేవని యర్థము. అది తెచ్చుకొన్నవారికి తలనొప్పి తప్పదు. అద్దములకు కెంపువలె ఎఱ్ఱని పూత మెఱయుచున్నదా, దానిని చూచి మురియకుడు. ఎఱుపు కాంతిని వెనుకకు తరిమివేసి, దృశ్యమును పచ్చగా, మసకగా చూపుట దాని ఫలితము. 10నుండి 30 వఱకు రెట్లు మార్చుకొనవచ్చునను రకమును, నూఱు రెట్లని చెక్కియున్న చౌకరకమును దూరమునుండియే నమస్కరింపదగినవి.

ఈ పరికరము పురుషులదను మాట మన పెద్దలలో నుండెను గాని, అదియు పూర్తిగా నిజము గాదు. 1931–32 సంవత్సరములలో హైదరాబాదు సంస్థానమునందలి పక్షులను సలీం అలీగారు పరిశోధించిరి. ఆయన పర్యటనలలో భార్య తెహ్మినాగారు తోడుగా నుండిరి. ఢిల్లీ ప్రాంతపు పక్షులను గూర్చిన ఉషా గంగూలీగారి గ్రంథము 1975లో వెలువడినది. మనము వారివలె గ్రంథములు వ్రాయకపోవచ్చును. మేడమీద బట్టలారవేయు పదినిముషములలో ఎదుటి వేపచెట్టుమీది పిట్ట పేరు తెలిసికొనుటకు ఎవరి యనుమతియు నక్కఱలేదు. ఇరుగుపొరుగు కిటికీలవైపు, అందునను జూబిలీ హిల్సున సినిమా తారల మేడలవైపు త్రిప్పు చాపల్యము మాత్రము కూడదు.

ఇంటికి తెచ్చినపిదప అద్దములను పమిటచెంగుతో తుడువరాదు. చెంగునంటిన సన్నని ధూళియే పూతను గీయును. రబ్బరు బుడ్డితో గాలి యూది, మెత్తని కుంచెతో రాల్చి, అటుపిమ్మట దానికై యిచ్చిన గుడ్డతో తుడువవలెను. వానకాలమున తోలుసంచిలో కట్టి మూలనుంచినచో లోపల బూజు పట్టును. నత్రజని నింపి మూసినవి దీనిని కొంత తాళును. తక్కినవానిని తేమ పీల్చు పొట్లములతో బిగువైన డబ్బాలో నుంచవలెను.

మొదటి దినము చేయవలసిన పని యొకటి యున్నది. మన రెండు కన్నుల చూపు సమానముగా నుండుట అరుదు. కుడి గొట్టమును అఱచేత మూసి, ఎడమకంటితో దూరపు పలకను చూచుచు నడిమి చక్రమును త్రిప్పి తేట పఱచుకొనవలెను. పిమ్మట ఎడమ గొట్టమును మూసి, నడిమి చక్రము జోలికి పోక, కుడికంటివద్దనున్న చిన్న వలయమును మాత్రము త్రిప్పవలెను. ఈ వలయము ఒకసారి కుదిరిన చాలును, మరల చక్రమొక్కటే త్రిప్పుకొనవచ్చును. ఇంటిలో నలుగురు వాడునపుడు ఎవరి గుర్తు వారిది. అత్తగారిది సున్నకు ఎడమ రెండవ గీత, మనది నడుమ, పిల్లవానిది కుడి మొదటి గీత యని చిన్న చీటివ్రాసి పట్టీకి కట్టియుంచినచో, ఎవరు తీసినను తమ గీతకు త్రిప్పుకొని చూడగలరు.