మొక్క నాటారు సరే.. ఏ మొక్క?

ఈమధ్య రెజ్యూమేల్లో ఓ వాక్యం తరచూ కనిపిస్తోంది. ‘ఎన్‌ఎస్‌ఎస్‌ వాలంటీర్‌గా 200 మొక్కలు నాటాను’ అని. మంచిదే. మా డిగ్రీ కాలేజీలో మాక్‌ ఇంటర్వ్యూలు పెట్టినప్పుడు ఆ లైను చూసి ఓ కుర్రాణ్ని అడిగాను: ‘‘ఏ మొక్కలు?’’

కాసేపు ఆలోచించాడు. ‘‘పేరు తెలీదు సార్‌.. పచ్చగా, గుబురుగా ఉంటాయి. నీళ్లు పోయకపోయినా బతికేస్తాయి. పశువులు కూడా ముట్టుకోవు’’ అన్నాడు. క్లాసంతా నవ్వింది. నేను మాత్రం నవ్వలేకపోయాను. అతని వయసులో నేను అంతకంటే పెద్ద తప్పే చేశాను మరి.

డిగ్రీ రెండో ఏడాది. పట్నంలో ఓ ఎగ్జిబిషన్‌కి వెళ్తే అక్కడి స్టాల్‌లో ఓ నీటిమొక్క కనిపించింది. ఉబ్బిన కాడలు, లేత ఊదారంగు పూలు. కొనుక్కొచ్చి ఇంటి ముందున్న సిమెంటు తొట్టిలో వేశా. నెల తిరిగేసరికి తొట్టిలో నీళ్లు కనపడకుండా అల్లుకుపోయింది. ‘‘ఒరేయ్‌, దోమలకి ఇల్లు కట్టించావు కదరా, తీసి అవతల పారెయ్‌’’ అంది అమ్మ. బతికున్న మొక్కను చెత్తకుప్పలో పడేయడానికి మనసొప్పలేదు. బకెట్‌లో వేసుకెళ్లి ఊరి చెరువులో వదిలేశా. మంచిపని చేశాననే అనుకున్నా.

అది గుర్రపుడెక్క. నేను చదువుతున్నది బోటనీ. నీటిమొక్కల పాఠంలో దాని కాడను అడ్డంగా కోసి, గాలి గదులు ఎలా ఉంటాయో బొమ్మ గీసి మార్కులు తెచ్చుకున్నవాణ్ని. పుస్తకంలో ఉన్న ఐకార్నియా క్రాసిపస్‌, నా బకెట్‌లో ఉన్న పూలమొక్క ఒకటేనన్న సంగతి మాత్రం నాకు తట్టలేదు.

మూడేళ్ల తర్వాత చెరువు సగం పచ్చబడింది. మా మావయ్య అక్కడి మత్స్యకార సొసైటీలో సభ్యుడు. ‘‘వల విసిరితే చేప రావట్లేదురా అబ్బాయ్‌, డెక్క వస్తోంది’’ అనేవాడు. చందాలేసుకుని కూలీలను పెట్టి తీయించారు. రెండు వానలు పడగానే మళ్లీ వచ్చింది. ఆ డెక్క నా బకెట్‌ నుంచే పుట్టిందనడానికి రుజువు లేదు. ఎగువ కాలువ నుంచీ కొట్టుకొచ్చి ఉండొచ్చు. కానీ నా వల్ల కాదని చెప్పడానికి కూడా రుజువు లేదు. ఆ మాట మావయ్యకు ఇప్పటికీ చెప్పలేదు.

అందుకే ఉద్యోగాల పేజీలో ఈ మొక్కల గోల. నా అభిప్రాయం ఒక్కటే. మొక్క నాటడం గొప్ప కాదు, ఏం నాటుతున్నామో తెలిసి నాటడమే గొప్ప. ఆ తెలివిడి లేకుండా చేసిన పచ్చదనం ఒక్కోసారి పచ్చదనం లేకపోవడం కంటే ఎక్కువ నష్టం చేస్తుంది.

అందం కోసం తెచ్చారు.. అడవంతా కమ్మేసింది

మనల్ని ఇబ్బంది పెడుతున్న చాలా మొక్కలు దొంగచాటుగా రాలేదు. మనిషే ముచ్చటపడి తెచ్చుకున్నాడు. గుర్రపుడెక్క సొంతూరు దక్షిణ అమెరికాలోని అమెజాన్‌ ప్రాంతం. పూల అందం చూసి 19వ శతాబ్దం చివర్లో బెంగాల్‌కు తెచ్చారు. అనుకూలిస్తే రెండు వారాల్లోనే రెట్టింపవుతుంది. నీటిపై దుప్పటిలా పరుచుకుంటే వెలుతురు లోపలికి పోదు, ప్రాణవాయువు తగ్గుతుంది, చేపలకు ఊపిరాడదు. దాని విత్తనాలు చెరువు అడుగు బురదలో ఏళ్ల తరబడి బతికే ఉంటాయి. తీసేసిన చోటే మళ్లీ రావడానికి కారణం అదే.

లాంటానా కథా ఇంతే. తలంబ్రాల చెట్టు అంటే కొందరు గుర్తుపడతారు. 19వ శతాబ్దం మొదట్లో కలకత్తా బొటానికల్‌ గార్డెన్‌కు అలంకరణ మొక్కగా వచ్చింది. తోట కంచె దాటింది. పక్షులు దాని పళ్లు తిని విత్తనాలను అడవుల్లో వదిలాయి. 2020లో వచ్చిన ఓ అధ్యయనం ప్రకారం మన దేశంలో లక్షన్నర చదరపు కిలోమీటర్లకు పైగా అడవిలోకి అది చొరబడింది. దాని కింద గడ్డి మొలవదు. గడ్డి లేకపోతే జింకకు మేత లేదు. ఆ ఆకులు తిన్న పశువులకు కాలేయం దెబ్బతింటుంది.

ఇక సర్కారు తుమ్మ. దీనికి మన కడపతోనే సంబంధం ఉంది. అప్పటి మద్రాసు అటవీ అధికారి బెడ్డోమ్‌ చొరవతో విత్తనాలు తెప్పించి 1877లో కమలాపురం దగ్గర నాటారు. ఉద్దేశం చెడ్డదేం కాదు. కరవు నేలలో వంటచెరకు దొరకాలి, బీడు పచ్చబడాలి. రెండూ జరిగాయి. ఈనాటికీ బొగ్గు కాల్చి బతికే కుటుంబాలకు అదే ఆధారం. కానీ అది అక్కడితో ఆగలేదు. పొలం గట్లు, చెరువు కట్టలు, పశువుల బీళ్లు ఆక్రమించుకుంది. ఒక్క ఏడాది బీడు పెట్టిన చేను మళ్లీ సాగులోకి రావాలంటే జేసీబీ పిలవాల్సిన పరిస్థితి తెచ్చింది.

ఇది మన ఒక్కరి కథే కాదు. జపనీస్‌ నాట్‌వీడ్‌ అనే మొక్కకు 1847లో నెదర్లాండ్స్‌లో ఆ ఏటి మేటి అలంకరణ మొక్కగా పతకం ఇచ్చారు. 1850లో అది లండన్‌లోని క్యూ గార్డెన్స్‌కు చేరింది. ఇప్పుడు ఇంగ్లాండ్‌లో ఇల్లు అమ్మాలంటే నింపే ఫారంలో ‘మీ స్థలంలో నాట్‌వీడ్‌ ఉందా?’ అని ప్రత్యేకంగా ఓ ప్రశ్న ఉంటుంది. పతకం తెచ్చుకున్న మొక్క చివరికి ఇంటి ధరను పడగొట్టే స్థాయికి వచ్చింది!

విదేశీ అయితే విలనేనా?

కాదు. ఇక్కడే చాలామంది పొరబడతారు. టమాటా, మిరప, వేరుసెనగ, జామ, బొప్పాయి, సీతాఫలం.. ఇవన్నీ అమెరికా ఖండాల నుంచి వచ్చినవే. బతుకమ్మలో పేర్చే బంతిపూల పుట్టిల్లు మెక్సికో. అవేవీ అడవుల మీద పడి దౌర్జన్యం చేయలేదు. మన చేతుల్లోనే ఉన్నాయి. కొత్త చోట తనంతట తాను విచ్చలవిడిగా వ్యాపించి, అక్కడి మొక్కల్ని, జంతువుల్ని, మనుషుల బతుకుల్ని దెబ్బతీసేదాన్నే ఆక్రమణ మొక్క అంటాం. తన సొంత ప్రాంతంలో దాన్ని తినే పురుగులు, అదుపు చేసే తెగుళ్లు ఉంటాయి. ఇక్కడ అవేవీ ఉండవు. అదే దాని బలం.

కోనోకార్పస్‌ సంగతీ చూడండి. రోడ్ల పక్కన, డివైడర్ల మీద విరివిగా పెంచారు. ఫిర్యాదులు రావడంతో తెలంగాణ ప్రభుత్వం 2022లో దాన్ని నాటొద్దంది. 2023లో గుజరాత్‌ కూడా నిషేధించింది. దాని పుప్పొడి ఎంత హాని చేస్తుందన్నదానిపై శాస్త్రవేత్తల్లో ఏకాభిప్రాయం లేదు. వాట్సప్‌లో తిరిగే ‘ప్రాణాంతక చెట్టు’ ప్రచారాన్ని నమ్మాల్సిన పనీ లేదు. నా ప్రశ్న వేరు. లక్షల్లో నాటేముందు అడగాల్సిన ప్రశ్నలు నాటిన తర్వాత ఎందుకు అడుగుతున్నాం? నరికే ఖర్చు, మళ్లీ నాటే ఖర్చు ఎవరిది?

‘ఒక్క కుండీతో ఏమవుతుంది సార్‌?’

క్లాసులో ఎప్పుడూ వచ్చే ప్రశ్న ఇది. నిజమే, కుండీలో ఉన్నంతవరకు ఏమీ కాదు. సమస్య కుండీ దాటాకే. పసుపు పూల వెడేలియాను చూడండి. నేల మీద తివాచీలా పరుచుకుంటుందని అపార్ట్‌మెంట్ల ముందు వేస్తారు. ప్రపంచంలోని 100 అతి ప్రమాదకర ఆక్రమణ జీవుల జాబితాలో అది ఉంది. దాని తీగ ముక్కలు తడి నేలను తాకితే చాలు, కణుపు కణుపునా వేళ్లూనుతాయి. కత్తిరించిన తీగల్ని కాలువ గట్టున పడేస్తే గట్టంతా దానిదే. ఆక్వేరియం బోర్‌ కొట్టి అందులోని మొక్కల్ని నాలాలో పారబోస్తే అవీ అంతే. ఎక్కడినుంచో తెచ్చిన మట్టి, పశువుల ఎరువుతో వయ్యారిభామ విత్తనాలూ ఇంటికొస్తాయి. ఒక్కో మొక్క వేల విత్తనాలు రాలుస్తుంది. దాని పుప్పొడితో కొందరికి చర్మం దద్దుర్లు తేలుతుంది, ఉబ్బసం పెరుగుతుంది.

‘గుర్రపుడెక్కతో బుట్టలల్లుతున్నారు, కంపోస్టు చేస్తున్నారు కదా’ అనే వాదనా ఉంది. చేయాల్సిందే. అప్పటికే పెరిగిపోయినదాన్ని వాడుకోవడం తెలివైన పని. దాన్ని సాకుగా చూపి కొత్తచోట్ల పెంచడం మాత్రం తెలివి కాదు.

అందుకే కొనేముందు మూడు ప్రశ్నలు వేసుకోండి. దీని శాస్త్రీయ నామం ఏమిటి? ఎలా వ్యాపిస్తుంది.. గాలికా, పక్షులతోనా, తీగ ముక్కతోనా? వేరేచోట ఇది ఇబ్బంది పెట్టిన చరిత్ర ఉందా? శాస్త్రీయ నామం తెలిస్తే మిగతా రెండూ ఫోన్‌లో పది నిమిషాల పని. అమ్మేవారు ‘నీళ్లక్కర్లేదు, మందులక్కర్లేదు, ఎక్కడైనా పెరుగుతుంది’ అని ఊరిస్తే సంతోషించకండి. మరోసారి ఆలోచించండి. నీటితొట్టికి తామర, కలువ ఉన్నాయి. పెరట్లోకి మల్లె, నందివర్ధనం ఉన్నాయి. రోడ్డు పక్కకు కానుగ, వేప, నేరేడు ఉన్నాయి. వద్దనుకున్న నీటిమొక్కను మాత్రం నీటిలో వదలకండి. ఒడ్డుకు దూరంగా, గట్టి నేల మీద ఎండలో పూర్తిగా ఎండబెట్టండి.

ఇందులో మీకేంటి?

కొలువు వేటలో ఉన్నవారికి ఇది పక్కదారి అనిపించొచ్చు. కాదు. పర్యావరణం, జీవవైవిధ్యం చదివే ప్రతి పోటీ పరీక్ష అభ్యర్థికీ ఇది అవసరమైన అంశం. ఐపీబీఈఎస్‌ 2023 నివేదిక ప్రకారం మనుషుల వల్ల కొత్త చోట్లకు చేరిన జీవజాతులు 37,000కు పైనే. వాటిలో 3,500కు పైగా హాని చేస్తున్నాయి. 2019లో ప్రపంచానికి జరిగిన నష్టం 42,300 కోట్ల డాలర్లకు పైనే. ఇలాంటి జాతుల కొత్త చొరబాట్లను 2030కల్లా కనీసం సగానికి తగ్గించాలన్నది కున్‌మింగ్‌-మాంట్రియల్‌ ఒప్పందంలోని ఆరో లక్ష్యం. మార్కుల కోసం వీటిని బట్టీ పట్టండి, తప్పులేదు. కానీ మీ వీధి చివరి మొక్కతో కలిపి చదివితే వ్యాసానికి ప్రాణం వస్తుంది.

బోటనీకి స్కోపు లేదని చాలామంది నిట్టూరుస్తుంటారు. మొక్కను చూసి పేరు చెప్పగలిగేవాళ్లు నిజంగానే తక్కువ. హైదరాబాద్‌ రాజేంద్రనగర్‌లోని జాతీయ మొక్కల ఆరోగ్య యాజమాన్య సంస్థ క్వారంటైన్‌ అంశాల్లో శిక్షణ ఇస్తోంది. బొటానికల్‌ సర్వే ఆఫ్‌ ఇండియా దక్కన్‌ కేంద్రం కూడా హైదరాబాద్‌లోనే ఉంది. సిద్దిపేట జిల్లా ములుగులో అటవీ కళాశాల ఉంది. బోటనీ డిగ్రీతో ఇండియన్‌ ఫారెస్ట్‌ సర్వీస్‌ రాయొచ్చు. వీటిల్లో ఉద్యోగాలు కుప్పలుగా ఉన్నాయని చెప్పి మిమ్మల్ని మభ్యపెట్టను. ఖాళీలు పరిమితమే. అయితే వాటికి పోటీపడేవారిలో పది మొక్కల్ని కచ్చితంగా గుర్తుపట్టే వ్యక్తి ముందుంటాడన్నది నా నమ్మకం.

విదేశీ చదువులకు వెళ్లేవారికి ఇంకో మాట. అమ్మ ప్రేమగా బ్యాగులో పెట్టిన గోంగూర విత్తనాలో, తులసి మొక్కో విమానాశ్రయంలో ఇబ్బందిగా మారొచ్చు. ఆస్ట్రేలియాలో ఇలాంటివి దిగగానే ప్రకటించాలి. దాచిపెట్టి దొరికితే భారీ జరిమానా కట్టాలి. వీసాకే ఎసరు రావొచ్చు.

ఆ కుర్రాడి సంగతి చెప్పనే లేదు కదూ. వారం తర్వాత అతను మళ్లీ వచ్చాడు. నాటినచోటికి వెళ్లి, ఫొటోలు తీసి, పేర్లు కనుక్కున్నాడట. రెజ్యూమేలో ‘200 మొక్కలు’ కొట్టేసి, ‘నాటిన మొక్కల్లో ఏ జాతులు ఉన్నాయో, ఎన్ని బతికాయో నమోదు చేశాను’ అని రాశాడు. ఎన్ని బతికాయో అడిగితే కాస్త సిగ్గుపడుతూ చెప్పాడు. సగం కూడా లేవు. అయినా ఇప్పుడు అతని దగ్గర చెప్పడానికి నిజం ఉంది. ఇంటర్వ్యూ బోర్డు ముందు నిలబడేది అదే.

నేనూ ఈ వేసవిలో ఊరెళ్తున్నా. చెరువులో నీళ్లు తగ్గగానే డెక్క తీయడానికి మనుషులు కావాలని మావయ్య ఫోన్‌ చేశాడు. ఈసారి బకెట్‌ సంగతి కూడా ఆయనకు చెప్పాలి.